పంతొమ్మిది బారల తాడు

మూడేళ్ళ కిందట, శివరాత్రి వెళ్ళిన రెండో మంగళవారం నాడు, గరివిడి దాటాక ఉన్న పాత మాంగనీసు గోతుల దగ్గర నాకు డ్యూటీ పడింది. డ్యూటీ వేసింది ప్రభుత్వం కాదు, మా బావ. మా పనిలో రెండే హోదాలు. నీళ్ళలోకి దిగే మనిషి ఒకరు, గట్టుమీద తాడు పట్టుకునే మనిషి ఒకరు. మా బావ అప్పన్న దిగేవాడు, నేను తాడు పట్టేదాన్ని. తొమ్మిదేళ్ళు పట్టాను. పోయినేడు బావ చెవిలో పొర చిరిగింది, ఇక దిగొద్దని డాక్టరు చెప్పేశాడు. దాంతో ముప్పై ఒకటో ఏట నేను రిటైరయ్యాను. చెవి ఆయనది, రిటైర్మెంటు నాది. ఇప్పుడు నౌపడలో మా ఆయన దగ్గర ఉంటున్నాను. ఇక్కడ ఉప్పు మడుల్లో నీళ్ళు మోకాలు దాటవు కాబట్టి నన్నెవరూ పనికి పిలవరు.

అసలేం పని చేసేవాళ్ళు మీరు అని ఇక్కడి ఆడవాళ్ళు అడుగుతుంటారు. బావుల్లో జారిపడ్డ మోటార్లకు తాడు కట్టి పైకి తీయించడం, మంచినీళ్ళ కోసం గోతిలోకి దించిన పైపు చివర జల్లెడకు నాచు పడితే గీకడం, చెరువు తూము తలుపు బిగుసుకుపోతే విడిపించడం. అప్పుడప్పుడు పోలీసులు పిలిచేవారు. ఆ పని గురించి రాయను.

మా వైపు ఈ పనికి మూలపురుషుడు గోతుల సింహాచలం గారు. ఆయనకు ముందు నీళ్ళలో మునిగినవాళ్ళు లేరని కాదు. మునిగి, కళ్ళు తెరిచి, అక్కడేముందో చూసి, పైకొచ్చి నోటుబుక్కులో రాసుకున్నవారు ఆయనొక్కరే. గనులు మూసేశాక గోతులు నీళ్ళతో నిండిపోయాయి. గోతుల గోడల్లో పనివాళ్ళు తవ్విన సొరంగాలు కూడా నిండిపోయాయి. వాటిలోకి దూరి చూడాలని ఆయనకు ఎందుకు బుద్ధి పుట్టిందో ఎవరికీ తెలియదు. పెళ్ళిలో అత్తవారు పెట్టిన ఇత్తడి బిందె మూతి కోసేసి, ముందువైపు లారీ అద్దం ముక్క తారుతో అతికించి, పంక్చరు షాపు కంప్రెషరు గొట్టం తగిలించి, తలమీద బోర్లించుకుని దిగేవారు. ఆయన సాహసం గురించి ఊరంతా చెప్పుకుంటే, ఆయన భార్య మాత్రం పోయేదాకా బిందె గురించే చెప్పుకుంది. "నీళ్ళు తేడానికి ఇంట్లో బిందె నేదు గానీ, నీళ్ళల్లో దూకడానికి ఈడికి బిందె కావాలి" అనేదట.

సింహాచలం గారు పెట్టిన రూళ్ళలో మొదటిది, తాడు పట్టేది బావమరిదే అయ్యుండాలి అని. సొంత తమ్ముడు పనికిరాడు. అన్న తేలకపోతే పొలంలో వాటా కలిసొస్తుంది. స్నేహితుడు పనికిరాడు. ఏడుస్తాడు, పెద్దకర్మకి వచ్చి భోంచేస్తాడు, వెళ్ళిపోతాడు. అదే బావమరిదైతే, తాడు జారితే అక్క పిల్లల్ని వెంటేసుకుని వచ్చి తన ఇంట్లోనే కూర్చుంటుంది. ఆ భయంతోనైనా గట్టిగా పట్టుకుంటాడు. ఆయనకు తాడు పట్టింది ఆయన భార్య తమ్ముడు సన్యాసి. నాకు తాత వరస. మనిషి ఐదడుగులుంటాడో ఉండడో, నోరు మాత్రం ఏడడుగులు.

మా బావకు బావమరుదులు లేరు. మా అమ్మకు ఇద్దరం ఆడపిల్లలమే, అక్క రమణమ్మ, నేను. బావ విశాఖపట్నంలో ఓడల అడుగు గీకే పని నేర్చుకుని, సెకండ్ హ్యాండులో సిలిండరు కొనుక్కుని ఊరికొచ్చినప్పుడు, తాడుకు మనిషి కావాల్సి వచ్చింది. పదో తరగతి రెండుసార్లు రాసి పాసై, బట్టల కొట్లో కొన్నాళ్ళు చీరలు మడతపెట్టి, ఓనరుతో గొడవపడి మానేసి, ఇంట్లో ఖాళీగా ఉన్నదాన్ని నేనే. బావ నన్ను సింహాచలం గారి దగ్గరికి తీసుకెళ్ళాడు. అప్పటికే ఆయన మంచం దిగడం లేదు. ఆ మంచం పక్కనే నా ఇంటర్వ్యూ జరిగింది.

"మీ అక్కంటే నీకు ఇష్టవేనేటే?" అని అడిగారు.

"కొట్టుకుంటాం గానీ ఇష్టవే తాతా."

"మీ బావంటే?"

"అంత నేదు."

"అయితే పనికొత్తావు. బావంటే మరీ పేణమైతే ఆడడిగినంత తాడిచ్చెత్తావు" అన్నారు.

బావ మొహం మాడిపోయింది. అదే నా అపాయింట్‌మెంట్ ఆర్డరు. తరువాత కొన్నాళ్ళకు ఆయన పోయారు.

ఇక ఆ మంగళవారం సంగతి. చీపురుపల్లిలో హోల్‌సేల్ కిరాణా వ్యాపారం చేసే షావుకారు వెంకటరత్నం గారికి సింహాచలం గారంటే దేవుడు. చిన్నప్పుడు ఆయన బిందె పెట్టుకుని దిగడం కళ్ళారా చూశారట. ఆ ముచ్చట తీరక, ఆయన విగ్రహం పెట్టించడానికి పూనుకున్నారు. అక్కడ రెండు గోతులున్నాయి. పెద్దగొయ్యి, చిన్నగొయ్యి అంటారు. మధ్యలో చిన్న గుట్ట, గుట్ట కింద సొరంగం. సింహాచలం గారు పెద్దగోతిలో మునిగి, సొరంగంలోంచి దూరి, చిన్నగోతిలో తేలారని మా చుట్టుపక్కల ఊళ్ళలో పాలు తాగే పిల్లలు తప్ప అందరూ చెబుతారు. విగ్రహం ఇంకా రాకముందే శిలాఫలకం మీద ఆ మాట చెక్కించేశారు కూడా.

షావుకారు గారి కోరిక ఏమిటంటే, సొరంగంలో సింహాచలం గారు వదిలేసి వచ్చిన సుత్తిని బావ తీసుకురావాలి, దాన్ని విగ్రహం చేతిలో పెట్టాలి. ఊరికే తేవడం కాదు. గురువు వెళ్ళిన దారినే వెళ్ళి, చిన్నగోతిలో తేలి, అందరి ఎదుటా ఇవ్వాలి. "ముందు సుత్తి తేలాలి అప్పన్నా, తరవాత నువ్వు తేలాలి. అప్పుడు ఫొటో బాగొస్తాది" అన్నారు. ఫొటో అన్న మాట వినగానే బావ నడుం నిటారుగా అయిపోయింది.

సింహాచలం గారి నోటుబుక్కు బావ దగ్గరుంది. ప్రతి దిగుడుకీ ఒక లైను. ఈ సొరంగానికి ఇలా ఉంది. "పెద్దగొయ్యి సొరంగం. మూతి కాడ నుంచి 19 బారలు. సుత్తి మేకుకి తగిలించినాను." అంతే. చిన్నగోతిలో తేలినట్టు ఎక్కడా లేదు. అదేంటి బావా అని అడిగితే, గొప్పోళ్ళు గొప్పలు రాసుకోరు అన్నాడు. నిజమే కాబోలనుకున్నాను.

రెండు చేతులూ బార్లా చాపితే ఈ కొస వేలి నుంచి ఆ కొస వేలి దాకా ఒక బార. ముందురోజు సాయంత్రం మా ఇంటి ముందు తాడు కొలిచాం. బావ ఆరడుగుల మనిషి. సొరంగం మూతి దాకా దిగడానికి మూడు బారలు వదిలేసి, అక్కడి నుంచి ఆయన చేతులు చాపి కొలుస్తుంటే, బారకొక ఎర్రగుడ్డ ముడి నేను వేశాను. పంతొమ్మిది ముడులు వేశాక ఇంకో పది బారలు మిగులు తాడు చుట్టగా ఉంచాను. సొరంగం పంతొమ్మిది బారలు, అటు కొసన సుత్తి, ఆ తరువాత చిన్నగొయ్యి. బావ లెక్క అది. అక్కడ తేలాక తాడు విప్పి నాలుగుసార్లు గుంజుతాడు, నేను ఖాళీ తాడు వెనక్కి లాక్కోవాలి.

పొద్దున్న బయల్దేరేటప్పుడు అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఆడు మామూలప్పుడు మాటింటాడు. ఫొటో అంటే ఇనడు. నువ్వు సూసుకో" అంది. ఇద్దరు పిల్లలూ అప్పుడు పళ్ళు తోముకుంటున్నారు.

జనమంతా చిన్నగొయ్యి దగ్గర చేరారు. షామియానా, మైకు, డప్పులవాళ్ళు, పళ్ళెం నిండా మినప గారెలు. పెద్దగొయ్యి దగ్గర ఉన్నది నేనూ, బావా, సన్యాసి తాతా. తాతకు వేదిక మీద కుర్చీ వేశారు గానీ ఆయన వెళ్ళలేదు.

"అక్కడ నాకు సాలువా కప్పుతారట. సాలువా ఎప్పుడైనా కప్పొచ్చు. తాడు కదిలినప్పుడే సూడాల" అని నా పక్కన రాయి మీద కూర్చున్నాడు.

తాడు మాటలు తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. కింద నుంచి ఒక గుంజు వస్తే బాగున్నాను అని. రెండు వస్తే తాడు వదులు అని. మూడొస్తే లాగెయ్ అని. పై నుంచి నేను ఒకటి గుంజితే ఎలా ఉన్నావని అడిగినట్టు, మూడు గుంజితే వచ్చెయ్ అన్నట్టు. ఇక గాలి. సిలిండరులో గాలిని మూడు వాటాలు చేస్తాం. వెళ్ళడానికి ఒకటి, రావడానికి ఒకటి. మూడోది మనది కాదు, దాన్ని లెక్కలో వేసుకోకూడదు. బావ సిలిండరు ఆ లోతులో గంట వస్తుంది. అంటే ఇరవయ్యో నిమిషంలో ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. ఈ రూలు నాకు నేర్పింది బావే. మొదటి రోజు మూడుసార్లు అప్పజెప్పించుకున్నాడు.

పది గంటలు దాటాక బావ దిగాడు. మూడు బారల లోతున సొరంగం మూతి. అక్కడికి చేరాక ఒక గుంజు వచ్చింది. వాచీ చూసుకుని లెక్క మొదలుపెట్టాను. తాడు నా అరచేతుల్లోంచి మెల్లగా వెళుతోంది. సొరంగంలో అడుగున మాంగనీసు బురద పొడిలా ఉంటుంది, కాలు తగిలితే లేచి కళ్ళకు ఏమీ కనిపించనివ్వదు. అందుకని మెల్లగా వెళ్ళాలి. ఐదు ముడులు. తొమ్మిది. పన్నెండు. గుట్ట అవతల మైకులో ఎవరో హలో హలో అంటున్నారు.

పదహారో ముడి నా చేతిలోకి వచ్చినప్పుడు సన్యాసి తాత ముందుకు వంగి తాడు తడిమాడు.

"ఈ బార ఎవులిదే గుంటా?"

"బావది."

తాత లేచి, తాడు చుట్టలోంచి ఒక ముడి ఈ చేత్తోనూ, తరువాతి ముడి ఆ చేత్తోనూ పట్టుకోబోయాడు. చేతులు పూర్తిగా చాపినా రెండో ముడి అందలేదు. జానెడు పైనే మిగిలిపోయింది.

"ఆ పుస్తకంలో రాసింది నా బార. నీళ్ళల్లో ఉన్నోడు ఏటి కొలుత్తాడే? తాడు ఎవుల సేతిలో ఉంటే ఆలదే బార."

నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తాత పంతొమ్మిది బారలు బావకు పదహారే. అంటే బావ సుత్తి ఉన్నచోటుకు ఇప్పటికే చేరిపోయాడు. పంతొమ్మిదో ముడి దగ్గర వెతుక్కోవాలని ఆగకుండా ముందుకు పోతున్నాడు.

"పోనీలే తాతా, అటు కొసకి ఎల్లిపోతే చిన్నగొయ్యే కదా."

"అటు కొస ఎవులు సూసినారు? పంతొమ్మిదో బార కాడ నాను ఎనక్కి లాగీసినాను. సుత్తి అక్కడ తగిలించీసి వొచ్చాడు."

"మరి చిన్నగోతిలో తేలింది?"

"తేలనేదు. ఆ కత తరవాత సెప్తాను. ముందు తాడు సూడు."

పదిహేడు, పద్దెనిమిది. పంతొమ్మిదో ముడి నా చేతి కిందికి వెళ్ళింది. వాచీలో పద్దెనిమిదో నిమిషం. తాడు ఆగింది. కాసేపు అటూ ఇటూ కదిలింది. వెతుకుతున్నాడని తెలుస్తూనే ఉంది. తరువాత రెండు గుంజులు. తాడు వదులు.

ఒకటి గుంజాను, ఎలా ఉన్నావని. దానికి జవాబు రాలేదు. మళ్ళీ రెండు గుంజులొచ్చాయి, ముందుకంటే గట్టిగా.

పదో పరకో బారల్లో చిన్నగొయ్యి ఉంటే బావ అక్కడ తేలతాడు, డప్పులు మోగుతాయి, ఫొటో బాగొస్తుంది. లేకపోతే, ఎవరూ చూడని చోట, బురద లేచిన నీళ్ళలో, రావడానికి చాలని గాలితో ఉంటాడు. ఏది నిజమో చెప్పగల మనిషి భూమ్మీద లేడు. అక్క, ఇద్దరు పిల్లలు, మా అమ్మావాళ్ళ ఒంటిగది ఇల్లు నా కళ్ళముందు తిరిగాయి. ఆ గదిలో నలుగురికే చోటు లేదు. వాచీ ఇరవైకి వచ్చింది. మూడు గుంజాను.

కింద నుంచి రెండు.

మళ్ళీ మూడు గుంజాను.

ఈసారి గుంజులు కాదు, లాగుడే. బావ తన బలమంతా పెట్టి తాడు లాక్కుంటున్నాడు. అరచేతులు మండిపోయాయి. గట్టులో దిగేసి ఉంచిన గునపానికి తాడు రెండు చుట్లు వేశాను. అంతే, ఇక ఆయన ఎంత లాగినా రాదు. నీళ్ళ కింద మా బావ నన్ను ఏమేం తిట్టి ఉంటాడో నాకు తెలుసు. కాసేపటికి అటు బిగువు తగ్గింది. నేను చుట్లు విప్పి లాగడం మొదలుపెట్టాను. నేను లాగింది లాగినట్టు తాత వెనక చుట్ట చుడుతున్నాడు.

పన్నెండో ముడి దాకా బాగానే వచ్చింది. అక్కడ తాడు బిగుసుకుపోయింది. బావ లాగడం కాదు అది. మనిషి లాగితే తాడులో ప్రాణం ఉంటుంది, ఇది చెట్టుకు కట్టినట్టుంది. నేను ఇంకా గట్టిగా లాగబోయాను.

"లాగకు" అన్నాడు తాత. "రాయికో కర్రకో పట్టీసింది. లాగితే ఇంకా బిగుత్తాది. సగం బార ఒగ్గీ. ఆడే ఇడిపించుకుంటాడు."

"ఇడిపించుకోలేకపోతే?"

"ఒగ్గమన్నానా?"

సగం బార వదిలాను. చేతుల్లో తాడు చచ్చినట్టు పడి ఉంది. వందకు లెక్కపెట్టాలనుకుని ముప్పై దాటాక అంకెలు మర్చిపోయి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. రెండోసారి ఇరవై దాకా వచ్చాక ఒక గుంజు వచ్చింది. తరువాత మూడు. లాగెయ్ అని మా బావ తనంతట తాను నన్ను అడగడం ఆ తొమ్మిదేళ్ళలో అదొక్కసారే.

బావ తేలాడు. తల నుంచి కాళ్ళ దాకా నల్లటి మాంగనీసు మసి. సిలిండరు ముల్లు చూశాను. మనది కాదనుకున్న మూడో వాటాలో సగం పైనే ఖర్చయిపోయింది. నోట్లోంచి గొట్టం తీయగానే మొదలుపెట్టాడు.

"ఒసే పిచ్చిమొకమా, ఎదురుగా ఎలుగు కనపడతంటే లాగీసినావేటే? రెండు బారలు ఒగ్గుంటే బయటికి ఎల్లిపోదును. నీకు తాడిచ్చినోడిది బుద్ధి తక్కువ."

నాకు ఏడుపొచ్చింది గానీ ఆయన ముందు ఏడవలేదు. సన్యాసి తాత తాడు చుట్టడం ఆపకుండానే అన్నాడు.

"మా బావా అదే సెప్పాడు. ఎలుగు కనపడింది, రెండు బారలు సాలు అన్నాడు. ఇయే తిట్లు. అమ్మని కూడా కలిపాడు."

బావ సిలిండరు విప్పి పడేసి, గుట్ట ఎక్కి వెళ్ళిపోయాడు. షావుకారు గారికి చెప్పాలి కదా. తాడు కడిగి, చుట్టి, ఆరేయకుండా పని స్థలం వదిలి వెళ్ళకూడదన్నది ఇంకో రూలు. అది పూర్తిచేసి నేనూ తాతా గుట్ట మీదికి వెళ్ళేసరికి అవతల జరగాల్సింది జరిగిపోయింది.

అక్కడివాళ్ళు చెప్పిన ప్రకారం, ముందు నీళ్ళలోంచి ఒక గేదె తల పైకి లేచింది. డప్పులవాళ్ళు అందుకున్నారు. షావుకారు గారు వద్దువద్దని చేతులూపి ఆపించారు. ఆ తరువాత బావ గుట్ట వెనక తుప్పల్లోంచి దిగాడు. ఒంటినిండా మసితో జనం ముందుకు ఎలా వెళ్ళడమని, ఓ మూల నీళ్ళలో దిగి ఒక్క మునక వేసి లేచాడు. జనం చూసింది ఆ లేవడం ఒక్కటే.

డప్పులు దద్దరిల్లిపోతున్నాయి. షావుకారు గారు ధోవతి తడిసినా లెక్కచేయకుండా మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వెళ్ళి దండ వేశారు. తాత గుట్ట మీదే ఆగిపోయి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"ఇదేనే. ఆ రోజూ ఇదే అయినాది. మసి కడుక్కుందావని మా బావ ఇక్కడ మునిగి లేసాడు. గొడ్లు కాసుకుంటున్న ఆడోలు సూసి కేకలేసీసినారు."

"ఆయన కాదనలేదా?"

"వారం దినాలు కాదు కాదని మొత్తుకున్నాడు. ఎవులింటారు? తరవాత అలిసిపోయి ఊరుకున్నాడు."

బావ చేతికి మైకు ఇచ్చారు. "అది కాదండి, నాను..." అని ఏదో మొదలుపెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. ఫొటోగ్రాఫరు ఇటు చూడమన్నాడు. బావ ఇటు చూశాడు, నవ్వాడు. ఆ నవ్వు నేను చూశాను. పెళ్ళి ఫొటోలో కూడా అంత బాగా నవ్వలేదు. నిజం చెప్పాలంటే నాక్కూడా, పోనీలే, ఒక్క రోజు ముచ్చట అనిపించింది.

నా పక్కనే ఇంటరు చదివే కుర్రాళ్ళు నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒకడు, "ఇటునించైతే దగ్గరంటరా. ఆదివారం మనం ఎల్దావేటి?" అన్నాడు. రెండోవాడు చొక్కా గుండీలు విప్పుకుంటూ, ఆదివారం దాకా ఎందుకు అన్నాడు.

నేను జనాన్ని తోసుకుని వెళ్ళి బావ చేతిలోంచి మైకు లాక్కున్నాను. ముందు సభకు నమస్కారం అనాలని తెలుసు, ఆ కంగారులో అనలేదు.

"మా బావ సొరంగంలోంచి రానేదు. గుట్టెక్కి నడిసొచ్చాడు. నానే ఎనక్కి లాగీసినాను. సింహాచలం తాత కూడా ఇటు తేలనేదు. ఆ సొరంగం అటు కొస ఇప్పటిదాకా ఎవులూ సూడనేదు. ఎవులైనా ఈతకని దూరితే మీకు శవాలు తీసిపెట్టడానికి మళ్ళీ మావే రావాల."

డప్పులు ఆగిపోయాయి. గేదె ఒక్కటే కదులుతోంది. షావుకారు గారు దండ వైపు, బావ వైపు, శిలాఫలకం వైపు చూశారు.

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు సెప్పలేదు సన్యాసీ?" అని అడిగారు.

"నన్నెవులడిగినారు బాబూ? ఎప్పుడూ దిగినోడినే అడిగినారు" అన్నాడు, నా వెనకే గుట్ట దిగి వచ్చిన తాత. అని, గారెల పళ్ళెం దగ్గరికి నడిచాడు.

ఆ రాత్రి అక్క చేపల పులుసు పెట్టింది. తల ముక్క ఎప్పుడూ బావదే. ఆ రోజు నా కంచంలో వేసింది. బావ తోక నములుకున్నాడు. ఆ తరువాత రెండు నెలలకు పైగా నాతో మాట్లాడలేదు. పనికి మాత్రం వెళ్ళాం. ఒక గుంజు, రెండు గుంజులు, మూడు గుంజులు. నిజానికి మా పనికి అంతకంటే మాటలు అక్కర్లేదు.

ఆ ఏడు మే నెలలో ఎండలు మండిపోయాయి. చుట్టుపక్కల ఊళ్ళ తాగునీటి కోసం పెద్దగోతికి మోటార్లు పెట్టి తోడారు. సొరంగం మూతి కిందికి నీళ్ళు దిగిపోయాయి. పూర్వం గనుల్లో పనిచేసిన మేస్త్రీ ఒకాయన పైకప్పు కర్రతో కొట్టి చూసి సరేనన్నాక, ఆయనా బావా నేనూ లైట్లు పట్టుకుని లోపలికి నడిచాం. అదే తాడు పరుచుకుంటూ వెళ్ళాం. పదహారో ముడికి కాస్త ఇటుగా, పైకప్పుకు ఊతంగా నిలబెట్టిన పాత కర్ర నిట్టాడికి మేకు, మేకుకు సుత్తి, దానిమీద వేలెడు మందాన నల్ల మసి. బావ ఆ రోజు దాన్ని భుజంతో రాసుకుంటూ వెళ్ళి ఉంటాడు. ఇరవై ఒకటో ముడి దగ్గర పైకప్పు విరిగిపడి, ఏనుగంత బండ అడ్డంగా కూర్చుని ఉంది. పిల్లి కూడా దూరదు. గనులు నడిచే రోజుల్లోనే పడిపోయి ఉంటుందన్నాడు మేస్త్రీ. బండ పక్కన గోడలో తలుపంత వెడల్పున తెల్లరాయి పొర ఉంది. లైటు దానిమీద పడితే అచ్చం అవతల ఎండ కాస్తున్నట్టు మెరుస్తోంది.

బావ లైటు పక్కకు తిప్పాడు. చీకటి. మళ్ళీ దానిమీద వేశాడు. అలా నాలుగైదుసార్లు చేశాడు. గట్టు మీదికి వచ్చాక తాడు చుట్ట నా ముందు పడేశాడు.

"ముడులన్నీ ఇప్పు" అన్నాడు. "ఇప్పీసి నీ సేతులు సాపు. ఇంకనించి నీ బారే."

ముడులు విప్పుతుంటే గోళ్ళు విరిగాయి. ఆయన సాయం చేయలేదు, పక్కనే కూర్చుని చూశాడు.

విగ్రహం ఆ ఏడు చివర్లో పెట్టారు. సుత్తి దాని చేతిలో ఉంది. షావుకారు గారు శిలాఫలకం మీద సొరంగం దాటాడన్న లైను ఉలితో చెక్కి తీయించేశారు, అక్కడ ఇప్పుడు గుంటలా కనబడుతుంది. అడుగున కొత్తగా "తాడు: సన్యాసి" అని ఒక లైను కలిపారు. అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని తాత ఇప్పటికీ గొణుగుతుంటాడు.

ఆ పని నాకు నేర్పిందేమిటో కూడా రాసి ముగిస్తాను. ఎంత దూరం వెళ్ళాలన్నది దిగేవాడి ఇష్టం. ఎప్పుడు తిరగాలన్నది గట్టుమీది మనిషి నిర్ణయం. లోపలున్నవాడికి ఏ వెలుగు కనిపించినా గట్టుమీది మనిషికి అది లెక్క కాదు, వాచీ, తాడు, ఈ రెండే లెక్క. సింహాచలం గారు ఎన్ని సొరంగాలు చూశారన్నది పక్కన పెడితే, తనను వెనక్కి లాగే అధికారం ఇంకొకరి చేతిలో పెట్టి దిగడం అనే పద్ధతిని మా వైపు పెట్టింది ఆయనే. ఇక ఆ తాడు పట్టే ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళు తిట్లకు సిద్ధపడాలి. వెనక్కి లాగినప్పుడల్లా పడతాయి. వాటికి బాధపడక్కర్లేదు. దిగినవాడు తిడుతున్నాడంటే గట్టుమీదికి వచ్చినట్టే.